నిధికి అనుమతి: చాట్రాయిలో చెప్పుకునే తప్పుడు సలహాలు

కోతలు అయిపోయి తొలకరికి నేల మెత్తబడేసరికి చాట్రాయి మండలంలో పాత మామిడి తోటలు కొన్ని లేచిపోతుంటాయి. కాపు తగ్గిన రసాలు, బంగినపల్లి చెట్లు తీయించి ఆయిల్‌పామ్ వేసుకుంటున్న రైతులు చాలామందే ఉన్నారు. మొదళ్లు పీకడానికి దిగిన ప్రొక్లెయినర్ తొండం రెండు మూడు తరాలుగా నాగలి కర్రుకు అందని పొరలోకి వెళుతుంది. అక్కడ మందపాటి ఇటుకో, ఎర్రటి కుండపెంకో, చిలుము పట్టిన బిళ్లో కనిపించిందంటే సాయంత్రానికల్లా ఊళ్లో లంకెబిందెల కబురు పుడుతుంది. వారం తిరక్కముందే ఎవరో ఒక కుర్రాడు మెటల్ డిటెక్టర్ తెప్పిస్తాడు. అనుమతి ఎవరినడగాలి, ఎలా సంపాదించాలి అన్నదాని మీద రచ్చబండ దగ్గర తలా ఒక మాట చెబుతారు.

ఆ మాటల్లో చాలావరకు తప్పు. కొన్ని జైలు దాకా తీసుకెళతాయి. అంతకంటే బాధాకరం, అవి మన నేల గురించి మనకు తెలియాల్సిన సంగతుల్ని తెలియకుండానే చెరిపేస్తాయి. అందుకే వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని ఎక్కడ తప్పో చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇది: "పోరంబోకు ఎవడిదీ కాదు, సర్పంచి చేత ఒక సంతకం పెట్టించుకో, చాలు." పోరంబోకు ఎవరిదీ కాకపోవడమేమిటి, అది అందరిదీ. చెరువు గట్టు, శ్మశానం, గ్రామకంఠం, పాత కోట దిబ్బ, ఇవన్నీ రికార్డుల్లో ఎక్కిన భూములే. పంచాయతీకి వాటి బాగోగులు చూసే బాధ్యత ఉండొచ్చు. చరిత్ర ఉన్న దిబ్బను తవ్వుకోమని చెప్పే అధికారం సర్పంచికి లేదు, వీఆర్వోకు లేదు, తహసీల్దారుకూ లేదు. గుడి మాన్యమైతే 1987 దేవాదాయ చట్టం కిందికి వస్తుంది. అడవి అంచు అయితే అటవీ శాఖది. ఇక కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటైతే 1958 ప్రాచీన కట్టడాల చట్టం వర్తిస్తుంది. మన ఏలూరు జిల్లాలో గుంటుపల్లి బౌద్ధ గుహలు, పెదవేగి దిబ్బలు, దెందులూరు భీమలింగం దిబ్బ అలాంటివి. 2010 సవరణ తర్వాత ఆ కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

"అయితే ఆ చట్టం కిందే లైసెన్సుకు పెట్టుకుంటాను" అనే చదువుకున్న కుర్రాళ్లూ ఉన్నారు. దానికీ సూటిగా జవాబు చెప్పాలి. ఆ చట్టంలో తవ్వకానికి లైసెన్సు ఉన్న మాట నిజమే. 1959 నియమాల ప్రకారం తవ్వకం మొదలయ్యే తేదీకి కనీసం మూడు నెలల ముందు పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. అది విశ్వవిద్యాలయాలకు, రాష్ట్ర పురావస్తు శాఖలకు, శిక్షణ పొందిన పరిశోధకులకు ఉద్దేశించినది. ఎక్కడ, ఎందుకు, ఏ పద్ధతిలో, ఎవరి పర్యవేక్షణలో తవ్వుతారో చెప్పాలి, తవ్వాక నివేదిక ఇవ్వాలి. రక్షిత ప్రాంతం కాని చోట కూడా పురావస్తు అవసరానికి తవ్వాలంటే రాష్ట్ర ప్రభుత్వమే కేంద్రం ఆమోదం ముందుగా తీసుకోవాలని ఆ చట్టంలోని 24వ సెక్షన్ చెబుతోంది. ఒక ప్రభుత్వానికే ఇంత పట్టింపు పెట్టిన చోట, దొరికింది జేబులో వేసుకోవడానికి ఒక మనిషికి అనుమతి దొరుకుతుందని ఆశపెట్టడం అన్యాయం. ఈ మాట ముందే చెప్పేవాళ్లు లేకనే కుర్రాళ్లు అప్పు చేసి యంత్రాలు కొంటున్నారు.

వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది: "మరి చెన్నంపల్లికి ఎలా ఇచ్చారు? పలుకుబడి ఉన్నవాడిని పట్టుకుంటే అవుతుంది." చెన్నంపల్లి సంగతి అందరూ సగమే చెబుతారు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి ఉందని, ప్రభుత్వ అనుమతితోనే, అధికారుల సమక్షంలో ఒక ప్రైవేటు సంస్థ తవ్వకాలకు దిగింది. ఊరివాళ్లు అడ్డం తిరిగారు, ప్రతిపక్షాలు ప్రశ్నించాయి, పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. బయటపడినవి జంతువుల ఎముకలు, పాత ఇటుకలు. బంగారం రాలేదు. ఆ ఎముకలు ఏ పొరలో ఉన్నాయి, ఆ ఇటుకలు ఏ గోడవి, దాని పక్కన ఏముంది అనేది ఒక పురావస్తు తవ్వకం చెప్పగలిగేది. నిధి కోసం తవ్వే చేతికి అవి అడ్డంకులు మాత్రమే. ఆ అనుమతి ఇవ్వడమే తప్పని నా అభిప్రాయం. ఒక తప్పును చూపించి రెండో తప్పుకు సిఫారసు అడగకూడదు.

ఉత్తరప్రదేశ్‌లోనూ ఇదే జరిగింది. ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేడాలో వెయ్యి టన్నుల బంగారం ఉందని ఒక సాధువుకు కల వచ్చింది. భూగర్భ సర్వే సంస్థ పరికరాలు నేలలో ఏదో తేడా ఉందని చూపించాయి. 2013 అక్టోబరు 18న కేంద్ర పురావస్తు శాఖే తవ్వకం మొదలుపెట్టింది. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. నెల తిరిగేసరికి వచ్చినవి కుండపెంకులు, ఇనుప మేకులు, గాజు ముక్కలు, ఒక పొయ్యి. హైదరాబాద్ సైఫాబాద్‌లో విద్యారణ్య పాఠశాల ఆవరణలో 2011 చివర్లో నిజాం నిధి కోసమని తవ్విన గొయ్యిలోంచీ ఏమీ రాలేదు.

ఇక యంత్రం సంగతి. "చిన్న మెషిన్‌తో పని కాదు బాబాయ్, పది మీటర్ల లోతు చూపించే గోల్డ్ స్కానర్ కొను." ఈ సలహా ఇచ్చేవాడికి ఎక్కువసార్లు ఆ అమ్మకంలో వాటా ఉంటుంది. డిటెక్టర్ చేసే పని చాలా సాదా. దాని చుట్టలోని కరెంటు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, కింద లోహం ఉంటే అందులో చిన్న ప్రవాహాలు పుడతాయి, వాటి ప్రతిస్పందనను యంత్రం వింటుంది. నాణెమంత వస్తువైతే జానెడు లోతు, మహా అయితే అడుగు. పెద్ద బిందె అయితే ఇంకొంత. చేతిలో పట్టుకు తిరిగే ఏ యంత్రమూ పది మీటర్ల కింద ఉన్నది బంగారమే అని చెప్పలేదు. అడుగు లోతులో కూడా బంగారు ఉంగరానికీ, గుట్కా పొట్లం అల్యూమినియం రేకుకూ తేడా పట్టలేక తడబడుతుంది. పైగా మనది ఎర్ర నేల. ఇనుము కలిసిన మట్టి, రాతి గడ్డలు కూడా యంత్రాన్ని మోగిస్తాయి. మామిడి తోటలో మోటారు వైరు ముక్కలు, సీసా మూతలు, ట్రాక్టరు మేకులు, కంచె తీగ చివర్లు ఎన్ని ఉంటాయో తోట ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

అసలు చరిత్రలో ఎక్కువ భాగం లోహమే కాదు. మన పూర్వీకులు వదిలివెళ్లినది కుండ, ఇటుక, పూస, బూడిద, ధాన్యపు గింజ, ఎముక. వీటిలో దేనికీ యంత్రం మోగదు. శాతవాహనుల నాణేల్లో చాలావరకు సీసానివి. మోగిందని తవ్వి, నల్లటి సీసపు బిళ్ల వచ్చిందని విసిరేసినవాడు, దాని మీద రాజు పేరు ఉందేమో చూడడు.

"చెరువు పూడికమట్టికి పర్మిషన్ తీసుకో, పాటిమన్ను తోలుకుంటానని చెప్పు, ఆ ముసుగులో వెతుక్కో." ఈ మాట విన్నప్పుడు నాకు కోపం కంటే బాధ ఎక్కువ. పాటిదిబ్బ అంటే ఒకప్పటి ఊరు. వందల ఏళ్లు మనుషులు కాపురమున్న చోట పొయ్యిబూడిద, పేడ, చెత్త, కూలిన మట్టిగోడలు పేరుకుని నేల ఎత్తవుతుంది. ఆ బూడిదరంగు మన్ను పొలానికి బలమని తరాల నుంచి బండ్లకెత్తి తోలారు, ఇప్పుడు ట్రాక్టర్లకెత్తుతున్నారు. కృష్ణా గోదావరి జిల్లాల్లో ఎన్నో దిబ్బలు అలా తరిగిపోయాయి. అది తెలియక చేసిన పని, పంట కోసం చేసిన పని. తెలిసి, అబద్ధపు దరఖాస్తు పెట్టి, ఆ మిగిలిన సగం దిబ్బను కూడా యంత్రంతో గాలించడం అంతకంటే ఘోరం. అధికారిని తప్పుదారి పట్టించారని కేసు పడటం ఒక ఎత్తు. పొరలు ఒకసారి కలిసిపోతే ఏ శాస్త్రమూ వాటిని మళ్లీ విడదీయలేకపోవడం మరో ఎత్తు. పేజీలు చింపి కలిపేసిన పుస్తకంలో అక్షరాలన్నీ ఉంటాయి, కథ ఉండదు.

మన కళ్లెదుటే దీనికి అతిపెద్ద సాక్ష్యం ఉంది. అమరావతి దీపాలదిన్నె, అంటే అక్కడి బౌద్ధ స్తూపం. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టుకుంటున్నప్పుడు కట్టుబడి రాయి కోసం, లోపల నిధి ఉంటుందనే ఆశతో ఆ దిబ్బను తవ్వించారు. సర్వే అధికారి కల్నల్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించే నాటికి స్తూపం నడిబొడ్డున గొయ్యి మిగిలింది. చెక్కిన పలకలు ఇళ్లకూ మెట్లకూ పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. మిగిలినవాటిలో చాలా భాగం చూడాలంటే ఇవాళ చెన్నై ఎగ్మోరు మ్యూజియంకో, లండన్ బ్రిటిష్ మ్యూజియంకో వెళ్లాలి. ఆంధ్రదేశంలోకెల్లా గొప్ప కట్టడం ఎంత ఎత్తు ఉండేదో, గోపురం ఎలా ఉండేదో పండితులు ఇంకా ఊహిస్తూనే ఉన్నారు.

భట్టిప్రోలు కూడా తలుచుకోవాలి. ఆ స్తూపం ఇటుకల్నీ పాలరాళ్లనూ రోడ్లకూ కాలువ పనులకూ వాడేశారు. అయినా 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే జాగ్రత్తగా తవ్వితే లోపల రాతి పెట్టెలు, వాటిలో ధాతు కరండాలు, చిన్న బంగారు పూలు, ముత్యాలు దొరికాయి. బంగారం కోసం వచ్చినవాడు ఆ పూలు తీసుకుని పెట్టె మూత పక్కకు తోసేసేవాడు. ఆ రాతి పెట్టెల మీదా మూతల మీదా బ్రాహ్మీ అక్షరాలు ఉన్నాయి. దక్షిణ భారత లిపుల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాళ్లు ఇవాళ్టికీ ఆ రాళ్ల దగ్గరికే వెళుతున్నారు.

అంజనం వేయించమనే సలహా గురించి ఎక్కువ రాయను. తమలపాకులో కాటుక పెట్టి పసిపిల్లల చేత నిధి చూపిస్తామనేవాళ్లూ, బియ్యపు గింజల్ని లాగుతుందని చెప్పి రైస్ పుల్లింగ్ చెంబు అమ్మేవాళ్లూ ఒకే ఇంటివాళ్లు. ఆ దారి అమాయకుల ఆస్తులతో మొదలై, బలుల పేరుతో ప్రాణాల దాకా పోయిన కేసులు తెలుగు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. మీ ఇంటికి వచ్చినవాడు పూజ మాట ఎత్తితే పోలీసులకు చెప్పండి.

"నీ తోట నీదే కదా, ఎవరినడగాలి?" ఇది వినడానికి న్యాయంగానే ఉంటుంది. నిజానికి పట్టా నేలలో పోయిన మీ పారో, పూడిపోయిన గేటువాల్వో, విరిగిపడిన కల్టివేటరు మేకో వెతుక్కోవడానికి డిటెక్టర్ మంచి పనిముట్టు. దానికి నేను అడ్డు చెప్పను. నేలలో పాతది దొరికిన క్షణం నుంచి మాత్రం 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం మీ మీదికి వస్తుంది. ఆ చట్టం దొరికినదానికి లెక్క చెబుతుంది, వెతకడానికి హక్కు ఇవ్వదు. ఈ తేడా పట్టుకోకపోవడం వల్లనే సగం గందరగోళం.

చట్టం ఏం చెబుతోందో సలహాదారులు ఎప్పుడూ పూర్తిగా చెప్పరు కాబట్టి ఇక్కడ చెబుతాను. నేలలో దాగి ఉండి దొరికినది పది రూపాయల విలువ దాటితే, దొరికినవారు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి అందులో ఉండాలి. వస్తువును దగ్గర్లోని ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని పూచీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన వేసి హక్కుదారులను పిలుస్తారు. ఆ విచారణ తేదీ ప్రకటన వెలువడ్డాక నాలుగు నెలలకు ముందు, ఆరు నెలలకు తర్వాత ఉండకూడదు. నిధికి యజమాని లేడని తేలి, భూమి యజమాని వాటా అడిగి, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవారికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే ఆ లోహం విలువకు అదనంగా అందులో ఐదో వంతు కలిపి చెల్లించాలి. చెప్పకుండా దాచినవారికి వాటా పోతుంది, ఏడాది వరకు జైలు పడొచ్చు. దాచడానికి తోడ్పడిన భూమి యజమానికి ఆరు నెలల వరకు. అంటే చట్టం దొరికినవారిని పూర్తిగా దోచుకునేదేమీ కాదు. "చెబితే అంతా గవర్నమెంటు లాక్కుంటుంది" అనే మాట ఎన్ని నాణేలను కంసాలి మూసలోకి పంపిందో!

ఆ మూస గురించే ఇంకొక మాట. "దొరికింది కరిగించెయ్, ఆనవాలు ఉండదు" అని చెప్పేవాళ్లు వేంగి చాళుక్యుల బంగారు నాణేల కథ వినాలి. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల నాణేలు బర్మా అరకాన్ తీరంలోని చెడూబా దీవిలో దొరికాయి. ఆనాటి వేంగి అయిన పెదవేగి మనకు పక్కనే, ఆ దీవి బంగాళాఖాతం అవతల. వేంగి రాజుల డబ్బు సముద్రం దాటిందని మనకు తెలిసింది నాణెంలోని బంగారం వల్ల కాదు, అది దొరికిన చోటును ఎవరో రాసి పెట్టినందువల్ల. కరిగించిన నాణెం గ్రాముల లెక్కన అమ్ముడుపోతుంది, దాని ఊరు పేరు పోతుంది. వందేళ్లు దాటిన వస్తువును విదేశాలకు పంపే ముఠాకు అమ్మితే 1972 పురావస్తువుల చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు అదనం.

యూట్యూబ్‌లో ఇంగ్లండ్ పొలాల్లో తిరిగేవాళ్లను చూసి "అక్కడ అందరూ చేస్తున్నారు" అనడం ఇంకో పొరపాటు. అక్కడి చట్టం వేరు. 1996 నిధుల చట్టం, దొరికినవాటిని నమోదు చేసుకునే అధికారులు ప్రాంతానికొకరు, మ్యూజియంలు ధర కట్టి కొనే పద్ధతి ఉన్నాయి. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒక పొలంలో దొరికిన ఆంగ్లో శాక్సన్ బంగారానికి 32.85 లక్షల పౌండ్లు కట్టి, దొరికినవారికీ రైతుకూ పంచారు. అక్కడ కూడా రక్షిత కట్టడాల మీద డిటెక్టర్ పట్టడం నేరమే. 2015లో దొరికిన వైకింగుల నిధిని చెప్పకుండా దాచి అమ్ముకున్నవాళ్లు 2019లో జైలుకు వెళ్లారు. వీడియోల్లో ఆ భాగం కనిపించదు.

ఇంత చెప్పాక, నేల మీద నిజంగా మమకారం ఉన్న కుర్రాడు ఏం చేయాలో చెప్పకపోతే నేనూ సగం సలహాదారునే అవుతాను. కరీంనగర్ ప్రాంతంలో గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అక్కడ వర్షాలకు నేల మీద తేలిన నాణేలను స్థానికులు ఏరి దాచి, కరిగించకుండా పండితులకు చూపించారు. శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని చదివారు. శాతవాహన వంశ మూలపురుషుడు శిముకుడి నాణేలు, అతనికంటే ముందటి స్థానిక పాలకుల పేర్లు బయటికొచ్చాయి. శాతవాహనుల ఆరంభం గురించి పుస్తకాల్లో ఉన్నది మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. ఆ నాణేలు చరిత్రకు పనికొచ్చాయంటే, ఏరినవారు ఎక్కడ ఏరారో చెప్పగలిగారు కనుకే.

చాట్రాయిలో మీరు చేయగలిగింది ఇదే దారి. ఊళ్లోని వీరగల్లులు, గుడిగోడల శాసనాలు, పాత బావులు, పాటిదిబ్బలు, పొలాల్లో కనిపించే పెద్ద బండల సమాధులు, వీటన్నిటికీ ఫోటో తీసి సర్వే నంబరుతో పట్టీ రాయండి. తవ్వకండి, కదపకండి. ఆ పట్టీని విజయవాడలోని రాష్ట్ర పురావస్తు శాఖకో, నాగార్జున విశ్వవిద్యాలయం పురావస్తు విభాగానికో పంపండి. వాళ్ల సర్వేకు, తవ్వకానికి మనుషులు కావాల్సివస్తే స్థలం తెలిసినవాడిగా మిమ్మల్నే పిలుస్తారు. లైసెన్సున్న తవ్వకంలో ఒక మూల చతురస్రంలో కూర్చుని బ్రష్‌తో మట్టి తీసే అవకాశం యంత్రం మోగడం కంటే ఎక్కువ నేర్పుతుంది. కాలేజీలో చేరే వయసుంటే పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. చేయండి. పైన చెప్పిన లైసెన్సు దరఖాస్తు మీద ఒకరోజు మీ పేరే ఉండొచ్చు.

తోట తీయిస్తున్న రైతుకు చివరిగా. యంత్రం దిగకముందే ఆపరేటరుతో మాట్లాడండి. గంటల లెక్కన అద్దె కాబట్టి ఆపితే ఎవరిదో ఒకరి డబ్బు పోతుందని ఇటుక వరసలు కనిపించినా తోసుకుపోతారు. పాతవి కనిపించి ఆపితే ఆ గంటకూ అద్దె ఇస్తానని ముందే మాటివ్వండి. ఏదైనా వస్తే మట్టి కడగకుండా, చిలుము గీకకుండా ఉన్నచోటే వదిలి, పక్కన స్కేలో అగ్గిపెట్టో పెట్టి ఫోటో తీయండి. ఎంత లోతులో ఉందో, ఏ చెట్టు మొదట్లోనో రాసుకోండి. ఆ రోజే వీఆర్వోకు చెప్పి, కలెక్టరుకు రాసే ఉత్తరం నకలు ఒకటి తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, తేదీతో ముద్ర వేయించుకున్న రసీదు దగ్గర పెట్టుకోండి. 2022లో మండలం కృష్ణా జిల్లా నుంచి విడిపోయి ఏలూరు జిల్లాలో కలిసింది కాబట్టి ఉత్తరం మచిలీపట్నానికి పోస్టు చేయకండి.